ముడి పడేదాకా తాడు వదలకు

పోయిన వారం నన్ను మేజర్ గది గుమ్మంలో నిలబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. వారం నుంచీ అక్కడే ఉన్నాను, కాళ్ళు పీకుతున్నాయి. లోపలికి అడుగు పెట్టేముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు విసుక్కోకండి.

మాది సైన్యంలో ప్యారాచూట్లు మడిచే విభాగం. సిపాయిలు విమానంలోంచి దూకుతారే, వాళ్ళ వీపు మీది సంచిలో ఉండేది మా చేతిపని. మేం దాన్ని గొడుగంటాం. హాలులో అందరికంటే పాతదాన్ని నేనే. నా నోటి చలవ వల్ల అందరూ సూదక్క అంటారు. నా బల్లకు అవతలి కొసన నిలబడేది పిట్ట. సన్నగా తేలిగ్గా ఉంటుంది, దూకినప్పుడు గాలి ఎటు తోస్తే అటు పోయి ఎక్కడో దిగుతుంది, అందుకని ఆ పేరు. దానికి మడత నేర్పింది నేను, ముడి నేర్పింది నేను. దూకడం నేర్పేవాళ్ళను తయారుచేసే కోర్సుకు మా విభాగం నుంచి ఒక్కరిని పంపుతామన్నారు. ఆ ఒక్కరూ నేనే అనుకుని బూట్లు తళతళలాడించుకుని నిలబడితే, పొద్దుటి పరేడ్‌లో మేజర్ పిట్ట పేరు చదివాడు. నా కడుపు ఎంత మండిందో మీకు కిందటి వారాల్లో వివరంగానే చెప్పాను.

అంతకు కొద్ది రోజుల ముందే వాళ్ళిద్దరినీ తడిసిన గొడుగులు ఆరబెట్టే టవర్‌లో చూశాను. మేజర్ చెయ్యి దాని నడుం మీద ఉంది. అది కదలకుండా, కిక్కురుమనకుండా నిలబడింది. ఇంకేం కావాలి నాకు? క్వార్టర్స్ కుళాయి దగ్గర నా బకెట్ నిండేలోపు వాళ్ళిద్దరికీ సంబంధమని ఇళ్ళ లైను లైనంతా తెలిసిపోయింది. చెప్పింది నేనే, దాపరికమేముంది! ఆ తర్వాతే నాకు అంతుపట్టని సంగతి జరిగింది. పిట్ట మేజర్ గదికి వెళ్ళి ఆ సీటు తనకొద్దని చెప్పి వచ్చింది. వెంటనే మేజర్ నన్ను పిలిపించాడు.

ఇక లోపలికి పోదాం.

"కూర్చో" అన్నాడు మేజర్.

ఆ గదిలో మా విభాగం మనిషి ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. కుర్చీ అంచు మీద సగం కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. బల్ల మీది పెన్నును అంచుకు సమంగా జరుపుతూ, నిమ్మళంగా మాట్లాడతాడు.

"నీ బల్ల మీద పనిచేసే అమ్మాయి నా మీద ఫిర్యాదు ఇచ్చింది. ఎక్కడికొచ్చిందో చూడు" అని తన ముందున్న కాగితాన్ని వేలితో తట్టి నవ్వాడు. "నా మీద ఫిర్యాదు, నా బల్ల మీదకే!"

రావలసిందే మరి. మా దగ్గర ఎవరి మీద ఫిర్యాదు అయినా మన పై అధికారి చేతికిచ్చి పంపాలి. ఆ పై అధికారి మీదే ఫిర్యాదైనా సరే, ఆయన చేతికే ఇవ్వాలి. ఆయన్ని దాటి కల్నల్ దాకా వెళ్ళాలంటే, అదే విభాగంలో కళ్ళారా చూసిన మనిషి ఒకరు సాక్షిగా నిలబడాలి. లేకపోతే అది ఫిర్యాదు కాదు, క్రమశిక్షణ తప్పడం.

"సాక్షిగా నీ పేరు రాసింది" అన్నాడు మేజర్. "నాకూ నీ సాక్ష్యమే కావాలి. తమాషాగా లేదూ? రేపు పొద్దున కల్నల్ గారి ముందు విచారణ. కుళాయి దగ్గర ఏం చెప్పావో అదే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

"అలాగే సార్."

"కోర్సులో ఆ సీటు ఖాళీ అయింది. వచ్చే ఏడాదికి నీ వయసు దాటిపోతుంది కదా?"

నిజం చెప్పొద్దూ, నా గుండె గంతులేసింది. ఇన్నేళ్ళ ఎదురుచూపు నా ఒళ్ళో వచ్చి పడింది. పిట్ట మొహం ఎలా మాడిపోతుందో అప్పుడే ఊహించేసుకున్నాను కూడా. గది బయటికొచ్చి సగం దూరం నడిచాక కానీ నాకు ఒక అనుమానం తట్టలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళం అనుకున్న మాటలు ఈయనకెలా చేరాయి? సరేలే, చేరితే చేరాయి, మంచే జరిగిందిగా అని సర్దుకున్నాను.

హాలులో మా బల్ల మీద గొడుగు పరిచి ఉంది. పిట్ట అప్పటికే తాళ్ళు విడదీస్తోంది. కోపతాపాలున్నా సరే, ఇద్దరూ ఉంటే కానీ మడత పడదు. చిన్నది పని చేస్తూ ఒక్కో అంశం పేరు పిలవాలి, పెద్దది కళ్ళతో చూసి, చేత్తో తాకి, "చూశాను" అనాలి. ఆ మాట పడితేనే తర్వాతి మడత. ఎందుకంటే, ప్రతి దూకుడు రోజునా అధికారి అరలోంచి తనకు తోచిన గొడుగు తీసి, దాన్ని మడిచిన ఇద్దరిలో ఒకరిని దానితోనే దూకమంటాడు. ఎవరి మడతను వాళ్ళే నమ్మాలి కదా!

"కొస?" అంది పిట్ట.

"చూశాను."

"తాళ్ళు?"

"చూశాను." అక్కడితో నా నోరు ఆగితే నేను సూదక్కనెందుకవుతాను? "నా పేరెందుకు రాశావే? నీకు తోడొస్తానని నేనెప్పుడైనా అన్నానా?"

"నువ్వు చూశావు కాబట్టి రాశాను."

"ఏం చూశాను? బొమ్మలా నిలబడటం చూశాను. ఇష్టం లేనిదానివి విదిలించుకోవచ్చుగా? చెంప పగలగొట్టొచ్చుగా? నోట్లో నాలుక లేదా నీకు? సుఖాలన్నీ అయ్యాక ఇప్పుడు ఫిర్యాదట!"

పక్క బల్లవాళ్ళు తలలు దించుకుని మడతలు మరీ శ్రద్ధగా సర్దుకుంటున్నారు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. పిట్ట మడత మీద ఇసుక సంచి పెట్టింది. గుడ్డ జారిపోకుండా అక్కడక్కడా చిన్న చిన్న ఇసుక సంచులు పెడతాం, మూసేముందు తీసి గోడ మేకులకు తగిలిస్తాం.

"అక్కా, ఆ రోజు నా చేతులెక్కడున్నాయి?" అంది.

"నాకేం తెలుసు?"

"చూశానన్నావుగా. నా చేతులెక్కడున్నాయి?"

వెటకారంగా ఏదో అనబోయాను. అంతలో ఆ టవర్ కళ్ళ ముందుకొచ్చింది. వాన నీళ్ళు కారుతున్న గొడుగు, దాన్ని పైకి లాగే కప్పీ. గొడుగు కొసను పట్టి ఉంచే ఇనప చట్రం పైన కప్పుకు ఆనుకుని ఉంది. కింద కొత్తగా చేరిన అమ్మాయిలు వంగి అంచుల నీళ్ళు పిండుతున్నారు. పిట్ట తాడు పట్టుకుని ఉంది. కొక్కేనికి ఇంకా ముడి పడలేదు.

"రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి అక్కా. మొదటి రోజు నువ్వేం చెప్పావు? ముడి పడేదాకా తాడు వదలకు, ఒంటి మీద తేలు పాకినా వదలకు, వదిలితే చట్రం కిందివాళ్ళ నెత్తిన పడుతుంది అన్నావు. నేను వదల్లేదు."

నేను తాళ్ళ కట్టను మళ్ళీ సవరించాను.

"ఆయన ఎప్పుడొస్తాడో తెలుసా? గొడుగు పైకి లేచాక వస్తాడు. ముడి వెయ్యకముందే వస్తాడు. ఆ రోజొక్కటే కాదు."

ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. ఇన్నాళ్ళు పెంచుకున్న కుళ్ళు అంత తేలిగ్గా వదులుతుందా? "మరి కొత్త బూట్లో? అడగ్గానే సెలవో? ఎండలో పరేడ్ తప్పించడమో? అవన్నీ మాకెవరికీ రాలేదేం?"

"నేనడగలేదు. నువ్వే గుర్తు తెచ్చుకో, ఒక్కసారైనా చాటుగా ఇచ్చాడా? అందరి ముందూ ఇచ్చేవాడు. నీ మొహంలోకి చూస్తూ నాకిచ్చేవాడు అక్కా."

అది నిజమే. బూట్ల పెట్టె దాని చేతికిస్తూ నన్ను చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుని ఎన్ని రోజులు మెటికలు విరిచానో! నేను మండిపోవాలనే ఇచ్చాడు. నేను మండిపోతే దాని పక్కన ఇక నిలబడేవాళ్ళెవరు? దాని గురించి లైనంతా చాటేదెవరు? ఆయన చెయ్యాల్సిన పని కుళాయి దగ్గర నిలబడి జీతం లేకుండా నేనే చేసిపెట్టాను.

"పొడుగమ్మాయి గుర్తుందా?" అంది పిట్ట. "మన హాలులోంచి దుప్పట్ల గోదాముకు పంపారే."

"బద్ధకమని పంపారు."

"అలా అని ఎవరు చెప్పారు?"

మేజరే చెప్పాడు. ఆ మాట పదిమందికీ మోసింది నేనే.

"ఆ కోర్సు కూడా ఎవరు నడుపుతారో కనుక్కో. ఊరికి దూరంగా క్యాంపులో, ఆయన చేతి కింద. అందుకే వద్దన్నాను. నువ్వు రేపు రాకపోతే నా ఫిర్యాదు చెత్తబుట్టలోకి, నేను దుప్పట్లలోకి. అంతే."

జాలి పడాలి కదండీ, మనిషన్నాక? నాకేమొచ్చిందో చెప్పనా? అంత జరిగాక కూడా గొంతు వణక్కుండా మాట్లాడుతున్న ఆ పిల్లను చూసి మళ్ళీ అసూయే వచ్చింది. దాని చోట నేనుంటే అలా కాగితం రాసి ఆయన చేతికే ఇవ్వగలిగేదాన్నా? సీటు దానికే ముందొచ్చింది, ధైర్యమూ దానికే ముందొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కనబడకూడదని కిటికీ వైపు తిరిగి మోచేత్తో తుడుచుకున్నాను.

"సంచులు?" అంది పిట్ట.

"చూశాను" అన్నాను.

పిట్ట మూత మూసి పిన్ను గుచ్చింది. గొడుగు అరలోకి పోయింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి మా అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏమే, ఇంత మంచి కబురు మాకు చెప్పాలని లేదూ? కోర్సుకి నువ్వెళ్తున్నావటగా! మేజర్ గారి డ్రైవరు వచ్చి లైనులో అందరి ముందూ చెప్పి వెళ్ళాడు."

అందరి ముందూ! ఎదురింటి ఆవిడ దండెం మీది బట్టలు తీస్తూ నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ పిట్ట మీద నేను వేసిన చూపే అది. "ఊరికే వస్తాయేంటమ్మా సీట్లు" అని బట్టలతో చెప్పినట్టు చెప్పి లోపలికి పోయింది.

మా ఆయన బండ్ల షెడ్డులో మెకానిక్కు. చేతుల నూనె కడుక్కుంటూ నేను చెప్పిందంతా విన్నాడు. చాలాసేపు సబ్బు రుద్దుతూనే ఉన్నాడు.

"ఈ ఇల్లు ఎవరిచ్చిందో తెలుసుగా?" అన్నాడు చివరికి. "మేజర్ సంతకం. నా షెడ్డు డ్యూటీ కూడా ఆయన సంతకమే. నువ్వు నోరు విప్పితే ముగ్గురం సామాను సర్దుకోవాలి."

"అయితే మూసుకోమంటావా?"

"నేనేమీ అనను. నువ్వు మూసుకుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది.

పొద్దున విచారణకు వెళ్ళేముందు హాలులో బల్ల తుడవడానికి ఆగాను. గోడకు మా వరసలో ఒక మేకు ఖాళీగా ఉంది. పక్క బల్లవాళ్ళు మా ఇసుక సంచి అడక్కుండా పట్టుకుపోయి ఉంటారు, వాళ్ళకదో రోగం. తిరిగొచ్చి దులిపేద్దాంలే అనుకుని కల్నల్ గారి ఆఫీసు వైపు నడిచాను.

కల్నల్ పెద్దవాడు, అలిసిపోయినట్టుండే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన పక్క కుర్చీలో మేజర్. నేనూ పిట్టా నిలబడి ఉన్నాం. ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి కుర్చీలో, ఫిర్యాదు చేసిన మనిషి కాళ్ళ మీద!

"టవర్‌లో వీళ్ళిద్దరినీ చూశానని నువ్వు చెప్పినట్టు విన్నాను. చూశావా?" అన్నాడు కల్నల్.

"చూశాను సార్."

మేజర్ పెన్నును బల్ల అంచుకు సమంగా జరిపాడు.

"ఏం చూశావు?"

లోపలికి వచ్చేదాకా ఏం చెప్పాలో నాకే ఖాయంగా తెలియదంటే నమ్ముతారా? సీటు మీద ఆశ చావలేదు. మా అత్తగారి మొహంలో వెలుగు కళ్ళ ముందే ఉంది. పక్కకు చూస్తే పిట్ట తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులే కనబడ్డాయి నాకు.

"మేజర్ గారి చెయ్యి దాని నడుం మీద ఉంది సార్. దాని రెండు చేతులూ కప్పీ తాడు మీద ఉన్నాయి. ముడి పడలేదు. కింద మనుషులున్నారు. అది తాడు వదిలితే చట్రం వాళ్ళ మీద పడేది. అందుకే కదల్లేదు సార్. ఇష్టమై కాదు."

పిట్ట ఊపిరి బయటికి వదిలింది.

"ఈవిడ నిన్నటిదాకా ఊరంతా వేరే కథ చెప్పింది సార్" అన్నాడు మేజర్, ఏమాత్రం తొణక్కుండా.

"అవును సార్, చెప్పాను. సీటు దానికి పోయిందన్న ఏడుపుతో చెప్పాను. నిన్న ఆ సీటు నాకిస్తానని మేజర్ గారు పిలిచి కూర్చోబెట్టారు. మళ్ళీ అదే కథ చెప్పమన్నారు."

కల్నల్ కళ్ళజోడు దించుకున్నాడు. "చూడమ్మా, ఇంకో సాక్షి లేరు. ఈ విచారణ ముందుకు నడవాలంటే నీ ఒక్క మాట మీదే నడవాలి. అసూయతో ఒకసారి మాట మార్చినదానివి, నిన్ను నేనెలా నమ్మను?"

నాకు పౌరుషం తన్నుకొచ్చింది. "నా నోరు మంచిది కాదు సార్, ఒప్పుకుంటాను. కానీ నా పనిలో చూడంది చూశానని ఇంతవరకూ అన్లేదు. హాలులో ఎవర్నైనా అడగండి. నేను చూశానంటే చూసినట్టే."

కల్నల్ తల ఊపాడు. పెన్ను తీసి నా మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. గెలిచాం అనుకున్నాను. పిట్ట చిటికెన వేలు నా చేతిని తాకింది.

"మంచిది సార్, విచారణ జరగనివ్వండి" అన్నాడు మేజర్. "డ్యూటీ మాత్రం ఆగకూడదు. ఇవాళ దూకుడు రోజు. అరలోంచి గొడుగు నేను పొద్దున్నే తీయించాను. నిన్న ఈ ఇద్దరూ మడిచిందే. పిట్ట దూకుతుంది, విమానం సిద్ధంగా ఉంది."

కల్నల్ రాస్తూనే సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. రోజూ జరిగేదే, అందులో తప్పు పట్టేదేముంది? పిట్ట సెల్యూట్ కొట్టింది. ఎన్నో రోజుల తర్వాత దాని మొహంలో కాస్త నవ్వు కనిపించింది. తేలిగ్గా వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ ఖాళీ మేకు.

పక్క బల్లవాళ్ళు తీసుకుపోలేదు. "సంచులు?" అని పిట్ట అడిగినప్పుడు నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాను. చూడలేదు. తాకలేదు. చూశానన్నాను. పిట్ట తియ్యడం మరిచిన ఆ ఇసుక సంచి గొడుగు మడతలోనే ఉండిపోయింది. మడతలో బరువుంటే గొడుగు విచ్చుకోదు, మెలిపడుతుంది. పొట్ట మీద ఆపదకు రెండో గొడుగు ఉంటుంది నిజమే, పైన గుడ్డ మెలిపడి తాళ్ళు చుట్టుకున్నాక అది తెరుచుకుంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

కల్నల్ కలం ఇంకా నా మాట దగ్గరే ఉంది, నేను చూశానంటే చూసినట్టే అన్న మాట దగ్గర. ఆ గొడుగు సంగతి చెబితే ఆ వాక్యం మీద గీత పడుతుంది. గీత పడితే సాక్ష్యం లేదు, ఫిర్యాదు లేదు, పిట్టకు మిగిలేది మళ్ళీ ఆ టవరూ, ఆ తాడూ, ఆ మేజరే. చెప్పకపోతే పిట్టే మిగలదు.

"సార్, ఆ గొడుగు వద్దు!" అని అరిచాను.

కల్నల్ కలం ఆగింది. "ఎందుకొద్దు?"

మేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహంలోకి ఆ పాత నవ్వు మెల్లగా తిరిగొస్తోంది.

పిట్ట గుమ్మంలో ఆగి నావైపు తిరిగింది. దాని కళ్ళల్లో ఇంకా భయం లేదు, ఆశ్చర్యం ఒక్కటే ఉంది.

"అదేంటక్కా?" అంది. "నువ్వు చూశావుగా?"